డ్యూర్యే సోదరుల మోటారు బండి

మోటారు బండి చరిత్ర చెప్పువారు సాధారణముగ ఇంజనుతో ప్రారంభించి ఇంజనుతోనే ముగింతురు. పెట్రోలును ముందుగ మండించినవారెవరు, ఎవరి ఇంజనుకు ఎన్ని గుఱ్ఱముల బలము కలదు, ఏ బండి గంటకెన్ని మైళ్ళు పరుగెత్తెను - ఇవియే మనకు తరచుగ వినవచ్చు సంగతులు. కాని ఇంజను తిరిగినంత మాత్రమున బండి నడువదు. తిరుగుచున్న ఇంజనును నిలిచియున్న చక్రములతో కలుపవలెను. కలిపినదానిని కోరినప్పుడు విడదీయవలెను. ఈ రెండు పనులకు ఏర్పడిన సాధనమే క్లచ్చు. తొలినాళ్ళలో ఇండ్లలోను, అద్దె కొట్లలోను తమ చేతులతో బండ్లు కట్టుకొనినవారిని ఈ సాధనము ఇంజనుకంటె తక్కువ బాధపెట్టలేదు. అమెరికాలో ఒక అన్నదమ్ముల జంట విషయమున, ఈ కలయిక చోటనున్న లోపము జీవితాంతము సాగిన ఒక తగవునకు కూడ ముఖ్య సాక్ష్యమైనది. ఆ బండి కథయు, దానితోపాటు క్లచ్చు కథయు ఈ ప్రసంగమునకు విషయము.

మొదట ఒక సందేహము తీర్చుకొనవలెను. రైలింజనుకు క్లచ్చు లేదు గదా, మోటారుకు మాత్రము ఏల? ఆవిరి యంత్రమున ఆవిరి బాయిలరులో ముందే సిద్ధముగ ఉండును. మీట త్రిప్పినంతనే ఆవిరి ముషలమును నెట్టును. చక్రము నిలిచియున్నను నెట్టును. విద్యుత్ మోటారు కూడ నిలిచినచోటినుండియే పూర్తి బలముతో తిరుగనారంభించును. పెట్రోలు ఇంజను స్వభావము వేఱు. అది తిరుగుచున్నప్పుడే గాలిని, పెట్రోలును లోనికి పీల్చుకొని, అదిమి, మండించి బలము పుట్టించుకొనును. నిమిషమునకు కొన్ని వందల చుట్లు తిరుగనిదే దానికి ప్రాణము నిలువదు. అట్టి ఇంజనును కదలక నిలిచిన బరువైన బండికి ఒక్కసారిగ తగిలించినచో, బండి కదలుటకు మాఱు ఇంజనే ఆగిపోవును. కావున ఇంజనును ముందు ఒంటరిగ తిరుగనిచ్చి, పిమ్మట మెల్లమెల్లగ, కొంత జారనిచ్చుచు, చక్రములకు కలుపవలసియున్నది. జారుట లోపమే, కాని మొదటి రెండు మూడు క్షణములు జారకపోయినను లోపమే. ఈ చిక్కే క్లచ్చు చరిత్ర అంతటికి మూలము.

ఈ సూత్రము మన పల్లెలకు క్రొత్తది కాదు. ధాన్యపు మిల్లులలో ఆయిలు ఇంజను ఒక మూల తిరుగుచుండగా, తోలు పట్టా దాని బలమును మఱియొక మూలనున్న యంత్రమునకు చేర్చుచుండెడిది. ప్రక్కప్రక్కన రెండు కప్పీలు ఉండెడివి. ఒకటి ఇరుసునకు బిగించినది, ఒకటి ఇరుసుపై ఊరక తిరుగునది. పట్టాను ఊరక తిరుగు కప్పీపైనుండి బిగించిన కప్పీపైకి కఱ్ఱతో త్రోసినచో యంత్రము తిరుగును. వెనుకకు త్రోసినచో నిలుచును. పట్టా జారినచో దానిపై రోజనపు పొడి చల్లెడివారు. మోటారు బండ్లలో తొలి క్లచ్చు ఈ మిల్లు పట్టాయే.

జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ 1886 జనవరి 29వ తేదీన పేటెంటు దరఖాస్తు దాఖలు చేసిన మూడు చక్రముల బండిలో ఈ ఏర్పాటే ఉండెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ తన యిద్దఱు కుమారులను వెంటనిడుకొని, మాన్‌హైమ్ నుండి ఫోర్‌ట్‌స్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ రకపు బండి తోలుకొనిపోయెను. ఒక దిక్కునకు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరమది. పెట్రోలు గొట్టము పూడుకొనగా టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని శుభ్రపఱచెననియు, బ్రేకు కట్టె అరిగిపోగా త్రోవలోని చర్మకారునిచేత దానికి తోలు కుట్టించెననియు చెప్పుదురు. మెట్టలు వచ్చినప్పుడు పిల్లలు దిగి బండిని నెట్టవలసివచ్చెను. ఇంజను మంచిదే, చక్రములు మంచివే. ఇంజను బలమును ఎగుడునకు తగినట్లు మార్చి అందించు ఏర్పాటు మాత్రము చాలదని ఆ ప్రయాణము తెలిపెను. పిమ్మటి బండ్లకు మెట్ట ఎక్కుటకు తక్కువ వేగపు గేరు చేర్చబడెను.

ఫ్రాన్సులో ఎమిల్ లెవస్సోర్ 1891 ప్రాంతమున ఇంజనును బండి ముందుభాగమునకు తెచ్చి, దాని వెనుక క్లచ్చును, ఆ వెనుక పళ్ళచక్రముల గేరు పెట్టెను వరుసగ అమర్చెను. తరువాతి శతాబ్దమున లోకములోని కార్లలో అత్యధిక భాగము ఆ వరుసనే అనుసరించెను. కాని ఈ సంగతులు అట్లాంటికునకు ఆవల, చిన్న ఊళ్ళలో ఒంటరిగ బండ్లు కట్టుచున్నవారికి అందుబాటులో లేకుండెను. వారు ప్రతి లోపమును తమకు తాముగా కనుగొనవలసిన వారే.

అట్టివారిలో చార్లెస్ డ్యూర్యే, ఫ్రాంక్ డ్యూర్యే అను సోదరులు ముఖ్యులు. వారు ఇల్లినాయ్ రాష్ట్రమువారు. అన్న చార్లెస్ 1861లోను, తమ్ముడు ఫ్రాంక్ 1869లోను జన్మించిరి. ఇద్దఱును సైకిళ్ళ పనిలో ఆరితేరినవారు. అన్న ఊహాశాలి, మాటకారి, పత్రికలకు వ్రాయగలవాడు. తమ్ముడు పనిముట్లు చేయుటలో నేర్పరి. ఇనుమును చేతితో తాకి దాని గుణము చెప్పగల పనివాడు. 1886లో ఒహాయో రాష్ట్రపు సంతలో ఒక పెట్రోలు ఇంజనును చూచినప్పటినుండి అన్న మనస్సులో గుఱ్ఱము లేని బండి యను ఆలోచన నాటుకొనియుండెను.

1892లో మసాచుసెట్స్ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున ఈ పని ప్రారంభమయ్యెను. ఎర్విన్ మార్కమ్ అను నతడు పదియవ వంతు వాటాకై వేయి డాలర్ల వఱకు పెట్టుబడి పెట్టుటకు అంగీకరించెను. సోదరులు 70 డాలర్లకు ఒక పాత గుఱ్ఱపు బగ్గీని కొని, ఒక యంత్రశాల మేడపై చోటు అద్దెకు తీసికొనిరి. అన్న గీసిన ప్రణాళికల ప్రకారము తమ్ముడు పని చేయవలెనని ఏర్పాటు. కాని ఆ సంవత్సరము సెప్టెంబరులో చార్లెస్ తన సైకిళ్ళ వ్యాపారము నిమిత్తము ఇల్లినాయ్‌లోని పియోరియా పట్టణమునకు వెడలిపోయెను. ఇరువురి మధ్య వందల మైళ్ళ దూరము ఏర్పడెను. నాటినుండి ఉత్తరములే వారిని కలిపినవి.

అన్న వెళ్ళిన కొలదినాళ్ళకే ఫ్రాంక్ టైఫాయిడు జ్వరముతో మంచము పట్టెను. కోలుకొని 1893 ప్రారంభములో మఱల పనిలో దిగునప్పటికి, చేసి ఉంచిన ఇంజను ఎంత త్రిప్పినను ప్రాణము పోసికొనలేదు. మండించు పద్ధతియే సరిగా లేదని అతడు గ్రహించి, ఇంజనును చాలవఱకు క్రొత్తగ రూపొందించెను. విద్యుత్ నిప్పురవ్వతో మండించు ఏర్పాటు చేసెను. ఒకే సిలిండరు గల ఆ ఇంజను బలము నాలుగు గుఱ్ఱములు. అది మేడపై గుడగుడ తిరిగిననాడు పని సగమైనదని ఎవరైనను తలచియుందురు. నిజమునకు అసలు చిక్కు ఇంకను ముందున్నది.

చార్లెస్ ప్రణాళికలో ఇంజను బలము చక్రములకు చేరు విధము ఇట్లుండెను. ఇంజనుకు అడుగున అడ్డముగ తిరుగు ఫ్లైవీలు, అనగా బరువైన చక్రము కలదు. దాని బలమును రాపిడి మూలమున ఒక డోలు అందుకొనవలెను. ఆ రెండింటి నడుమ తోలు పట్టా పనిచేయవలెను. పళ్ళచక్రములు లేవు కనుక చప్పుడు ఉండదు. పట్టాను జరిపినకొలది వేగము మారును. కాగితముపై ఇంతకంటె సొగసైన ఏర్పాటు ఉండబోదు.

1893 సెప్టెంబరులో బండిని ఊరి వెలుపలికి తీసికొనిపోయి పరీక్షించిరి. బండి కదలెను, కొంత దూరము నడిచెను. అమెరికాలో పెట్రోలుతో నడిచిన తొలి బండ్లలో అది యొకటి. స్థానిక పత్రికలో వార్త కూడ వచ్చెను. కాని ఫ్రాంక్ సంతోషించుటకు మాఱు ఆలోచనలో పడెను. ఇంజను ఆగకుండ తిరుగుచున్నది, బండి మాత్రము తడబడుచున్నది. ఇట్టిచోట అనుభవము లేనివారు మఱల ఇంజనునే పట్టుకొని, ఇంకను బలమైనది కావలెనందురు. ఫ్రాంక్ అట్లనలేదు. ఇంజను తిరుగుచుండగ బండి నిలిచినచో, బలము పుట్టుటలో లోపము లేదు, చేరుటలో లోపము కలదు. ఇంజను, చక్రము రెండును నిర్దోషములైనచో దోషము వాని మధ్యనే ఉండవలెను. అతడు పట్టాను మార్చి మార్చి చూచెను. మెల్లగ పట్టుకొనుటకు కొంత జారవలసిన చోట అది పూర్తిగ జారుచున్నది. జారినకొలది తోలు వేడెక్కి అరుగుచున్నది. ఇంజను బాగున్నదనియు, పట్టా ఏర్పాటు మాత్రము పనికిరాదనియు, మార్పు చేయనిదే ఇక ప్రయత్నించుట వృథాయనియు అతడు అన్నకు వ్రాసెను.

అన్న ఊహించిన భాగమును తొలగింపవలెనని తమ్ముడు అన్నకే వ్రాయుట సులభమైన పని కాదు. పైగా మార్కమ్ పెట్టుబడి అయిపోవచ్చెను. అయినను ఫ్రాంక్ వెనుదీయలేదు. రాపిడి డోలును, పట్టాను విడిచి, పళ్ళచక్రములతోను క్లచ్చులతోను కూడిన క్రొత్త ఏర్పాటు చేసి బండికి బిగించెను. ముందునకు రెండు వేగములు, వెనుకకు ఒకటి. 1894 జనవరిలో అదే బండి స్ప్రింగ్‌ఫీల్డు వీథులలో నడిచెను. ఇంజను అదే, బగ్గీ అదే, చక్రములవే. మారినది మధ్యనున్న కలయిక మాత్రమే.

దీని తరువాత ఫ్రాంక్ కట్టిన రెండవ బండి 1895 నవంబరు 28న షికాగోలో జరిగిన పందెమున పాల్గొనెను. షికాగో నుండి ఇవాన్‌స్టన్ వఱకు పోయి తిరిగివచ్చుటకు సుమారు 54 మైళ్ళు. వీథులపై మంచు దట్టముగ పడియున్నది. బయలుదేరిన ఆఱు బండ్లలో రెండే గమ్యము చేరినవి. మొదటిది డ్యూర్యే బండి, రెండవది బెంజ్ రకపు బండి. త్రోవలో చుక్కాని భాగము విఱిగిపోగా ఫ్రాంక్ కమ్మరి కొలిమివద్ద దానిని బాగుచేసికొని ముందుకు సాగెను. మంచులో చక్రము దిగబడి మఱల లేచునపుడు బలమును తుంచి తుంచి అందింపవలసియుండును. పాత తోలు పట్టా ఆ పనికి నిలిచియుండెడిది కాదు. మఱుసటి సంవత్సరము డ్యూర్యే కంపెనీ ఒకే నమూనాకు 13 బండ్లు తయారుచేసెను. అమెరికాలో ఒకే రకపు బండ్లను వరుసగ కట్టి అమ్ముట దానితోనే ఆరంభమైనదని చరిత్రకారులు పేర్కొందురు.

ఈ కథ ఇచ్చట ముగిసినచో సుఖాంతమగును. కాని 1898 నాటికి సోదరులు విడిపోయిరి. అటుపిమ్మట దశాబ్దముల తరబడి ఒకే ప్రశ్న వారిని వేధించెను. బండిని కనిపెట్టినది ఎవరు? బండి రూపము తాను పియోరియాకు వెళ్ళకముందే సిద్ధమనియు, తమ్ముడు జీతము పుచ్చుకొని పనిచేసిన పనివాడు మాత్రమేయనియు చార్లెస్ పక్షము. అన్న గీసిన ఇంజను మండలేదనియు, అన్న ఊహించిన పట్టా బండిని లాగలేదనియు, నడిచిన బండిలోని ముఖ్యభాగములు తనవేయనియు ఫ్రాంక్ పక్షము. అన్న 1938లో మరణించెను. తమ్ముడు 97 ఏండ్లు జీవించి 1967లో మరణించెను. వారి జీవితకాలమున ఈ తగవు సమసిపోలేదు.

1893 నాటి ఆ బండి 1920లో వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంగ్రహాలయమునకు చేరెను. బండి నోరు విప్పి పలుకదు. కాని బండిలోని భాగములు, నాటి ఉత్తరములు పలుకును. వానిని పరిశీలించినవారు ఫ్రాంక్ పాత్ర లోకము చిరకాలము అనుకొనినదానికంటె చాల పెద్దదని అంగీకరించుచున్నారు. అట్లని చార్లెస్‌ను పూర్తిగ త్రోసివేయుట న్యాయము కాదు. బండి కట్టవచ్చునను విశ్వాసము అతనిది. పెట్టుబడి తెచ్చినది అతడు. తమ్ముని ఆ పనిలో దింపినది అతడు. ఊహించినవానికి కీర్తి ఇచ్చి, లోపము కనుగొని సరిదిద్దినవానిని పనివాడని విడిచివేయుట లోకమునకు పాత అలవాటు. మన గుడులు కట్టించిన రాజుల పేర్లు శాసనములలో ఉన్నవి. కూలబోయిన గోడను నిలబెట్టిన శిల్పుల పేర్లలో ఎన్ని మనకు దక్కినవి? తోలు పట్టాను విప్పివేసిన నాటి ఫ్రాంక్ నిర్ణయము కూడ కనిపెట్టుటయే యని నా అభిప్రాయము. పనిచేయనిదానిని పనిచేయనిదిగ గుర్తించుట జ్ఞానములో సగము.

డ్యూర్యే సోదరుల వెనుక వచ్చినవారు కూడ ఇదే త్రోవలో తడవుకొనుచు నడిచిరి. 1896 జూన్ 4వ తేదీ తెల్లవాఱుజామున హెన్రీ ఫోర్డు డిట్రాయిటులో తన ఇంటివెనుక కొట్టములో కట్టిన బండిని బయటికి తీయబోగా, తలుపు చాలకపోయినందున గోడ యిటుకలు పగులగొట్టవలసివచ్చెనను సంగతి చాలమంది యెఱుగుదురు. ఆ బండిలో కూడ క్లచ్చు పట్టాయే. మీటను ముందునకు త్రోసినచో ఎక్కువ వేగము, వెనుకకు లాగినచో తక్కువ వేగము, నిట్టనిలువుగ ఉంచినచో ఇంజను ఒంటరిగ తిరుగును. వెనుకకు నడచు ఏర్పాటు లేదు. తేలికపాటి బండి గనుక పట్టా సరిపోయినది. బరువైన బండ్లకు సరిపోలేదు.

పట్టా తరువాత వచ్చినది శంకువు ఆకారపు క్లచ్చు. ఫ్లైవీలులో గరాటువంటి గుంట, అందులో బిగుసుకొను మఱియొక గరాటు, దానిపై తోలు తొడుగు. స్ప్రింగు ఒత్తిడికి రెండును కఱచుకొని కలసి తిరుగును. కాలితో పెడలు త్రొక్కినచో విడిపోవును. దీనికి రెండు జబ్బులు కలవు. తోలుపై నూనె పడినచో అది జారును. అప్పుడు ముల్తానీ మట్టివంటి నూనె పీల్చు మట్టి పొడిని చల్లెడివారు. తోలు ఎండిపోయి గట్టిపడినచో అది ఒక్కసారిగ పట్టుకొని బండిని ఎగిరిపడజేయును. దానికి మందు ఆముదము. తోలునకు ఆముదము పట్టించి రాత్రియంతయు ఉంచినచో మెత్తబడి మృదువుగ పట్టుకొనును. పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో విరివిగ పండిన ఆముదపు గింజకు తొలినాటి మోటారు లోకములో ఎంత గౌరవముండెనో దీనివలన తెలియును. 1909లో ఇంగ్లండులో ఒక కందెన నూనెకు పెట్టిన క్యాస్ట్రాల్ అను పేరు కూడ ఆముదమునకు గల ఇంగ్లీషు పేరునుండియే వచ్చినది.

తోలునకు మాఱు వేఱొక పదార్థము కావలెనను వెదకులాటలో హెర్బర్ట్ ఫ్రూడ్ అను ఆంగ్లేయుడు ముందుండెను. దిగుడు త్రోవలలో బండ్లవారు పాత జోళ్ళ తోలును బ్రేకుకట్టెకు మేకులతో కొట్టుకొనుట చూచి అతనికి ఈ ఆలోచన కలిగెనని చెప్పుదురు. 1897లో ప్రారంభించిన ప్రయోగములు ఫెరోడో కంపెనీగ పెరిగినవి. నూలు పట్టాలనుండి రాతినారకు, అనగా ఆస్బెస్టాసునకు, మార్పు వచ్చెను. వేడికి మాడని ఆ పదార్థము దొరకిన తరువాత పలుచని పళ్ళెము వంటి క్లచ్చు ప్లేటు సాధ్యమైనది. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున కూడ రాతినార గనులు ఉండెడివి. అయితే ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని పిమ్మట తేలినది. బ్రిటను 1999లోను, యూరపు సమాఖ్య దేశములన్నియు 2005 నాటికిని దానిని నిషేధించినవి. కార్ఖానాలలో క్లచ్చు విప్పి ధూళిని నోటితో ఊది శుభ్రపఱచిన పనివారు ఎందఱో ఆ మూల్యము చెల్లించిరి. పాత బండి విప్పువారు నేటికిని ఆ ధూళిని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను.

స్వంతముగ బండి కట్టుకొను అలవాటు ఫోర్డు కాలముతో అంతరించలేదు. 1957లో ఇంగ్లండున కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అను తేలిక బండిని విడిభాగముల మూటగ అమ్మెను. ఇంటిలో బిగించుకొనినచో నాటి కొనుగోలు పన్ను తప్పెడిది. అటువంటి బండ్లు కట్టువారు నేడును పెక్కుదేశముల ఉన్నారు. ఒక కారునుండి ఇంజను, మఱియొకదానినుండి గేరు పెట్టె, వేఱొకదానినుండి పెడలు తెచ్చి కూర్తురు. వారిని మిక్కిలి తఱచుగ బాధించునది క్లచ్చే. ఏలయన ప్రతి భాగమును తన ఇంట మంచిదే. అవి కలసినచోటనే లోపము పుట్టును.

ఆ లోపము వెదకు పద్ధతి ఫ్రాంక్ పద్ధతియే. మొదట జబ్బు ఏదో గుర్తింపవలెను. ఇంజను రొద పెరిగి బండి వేగము పెరగనిచో, కాలిన వాసన వచ్చినచో, క్లచ్చు జారుచున్నది. చేతి బ్రేకు వేసి పై గేరులో ఉంచి పెడలును మెల్లగ విడిచినచో ఇంజను ఆగిపోవలెను. ఆగనిచో సందేహము తీరినట్లే. దీనికి మాఱు, పెడలు పూర్తిగ త్రొక్కినను గేరు పడక పళ్ళు కరకరమన్నచో, క్లచ్చు విడుచుట లేదని అర్థము. అప్పుడు వెంటనే గేరు పెట్టెను దింపుట తొందరపాటు. పెడలును వరుసగ రెండు మూడు మార్లు త్రొక్కి చూడవలెను. అప్పుడు గేరు పడినచో గొట్టములోని ద్రవమున గాలి చేరినదన్నమాట. ఒకరు పెడలు త్రొక్కుచుండగ మఱియొకరు పెడలు బిగించిన రేకును గమనింపవలెను. తేలిక బండ్లలో ఆ పలుచని రేకు వంగి, కాలి శ్రమ అంతయు అచ్చటనే వ్యర్థమగుచుండును.

ఇవి రెండును కానిచో కొలతలు చూడవలెను. పెడలువద్ద ముప్పావు అంగుళము వ్యాసము గల సిలిండరు ఉండవలసినచోట, అంగుళములో 8వ వంతులు ఐదు మాత్రమే వ్యాసముగ గల సిలిండరు ఉన్నదనుకొనుడు. చూచుటకు తేడా అత్యల్పము. కాని నెట్టబడు ద్రవము వ్యాసమునుబట్టి కాక, వ్యాసము వర్గమునుబట్టి ఉండును. 36 పాళ్ళు నెట్టవలసినది 25 పాళ్ళే నెట్టును. అనగా సుమారు 30 శాతము తక్కువ. పెడలు తేలికగ దిగును, నడుపువాడు సంతోషించును, క్లచ్చు మాత్రము సగమే విడును. ఖర్చులేని పరీక్ష ముందు, చిన్న ఖర్చుది తరువాత, పెట్టె దింపుట చివరకు - ఈ వరుస పాటించినవారికి డబ్బు, నడుము రెండును మిగులును.

ఒకనాడు మన లారీ డ్రైవర్లు గేరు మార్చుటకు క్లచ్చును రెండుమార్లు త్రొక్కెడివారు. మొదటి త్రొక్కుడుతో గేరు విడిపించి, నడుమ ఇంజను వేగమును చక్రముల వేగమునకు సరిచేసి, రెండవ త్రొక్కుడుతో క్రొత్త గేరు వేసెడివారు. 1928లో అమెరికా కార్లలో ప్రారంభమైన క్రొత్తరకపు గేరు పెట్టె ఆ విద్య అవసరమును క్రమముగ తొలగించెను. ఇప్పుడు తనంతట తానే గేరు మార్చుకొను కార్లలో మూడవ పెడలే లేదు. విద్యుత్ కార్లకు క్లచ్చుతోనే పనిలేదు. నిలిచినచోటినుండి బలమిచ్చు మోటారుకు దాని అవసరమే లేదని మొదటనే చూచితిమి. అయినను గేర్ల మోటారు సైకిలు గల మన ఇండ్లలో ఎడమచేతి క్రింద ఆ మీట ఇంకను ఉన్నది. దానిని కొంచెము కొంచెముగ విడుచుచు బండిని కుదుపులేకుండ కదల్చు కుఱ్ఱవాడు, స్ప్రింగ్‌ఫీల్డు మేడపై ఒక పనివాడు నెలల తరబడి వెదకినదానినే వ్రేళ్ళతో అనుభవించుచున్నాడు.

స్మిత్సోనియన్‌లోని ఆ పాత బగ్గీని చూచువారికి పైన కనబడునది గుఱ్ఱము లేని బండి మాత్రమే. దాని అడుగుభాగమున ఇంజనును చక్రములకు కలుపు ఏర్పాటు కలదు. అన్నదమ్ములలో ఎవరు గొప్ప అను ప్రశ్న వచ్చినప్పుడు మన దృష్టి పోవలసినది ఆ అడుగుభాగమునకే. ఒకరు కలగనిరి, ఒకరు సరిదిద్దిరి. ఒకరు లేక రెండవవారి పని వీథిలోనికి వచ్చియుండెడిది కాదు. ఆ మాట ఇరువురును ఒకరితో నొకరు అనుకొనియుండినచో, ఒక దీర్ఘకలహము చరిత్రకెక్కకుండ పోయెడిది.